పాసుపుస్తకం వెనక ఎవరి కాపలా ఉంది?

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి ద్వారకానగర్ లైన్లలోకి నడిస్తే డబ్బు వ్యవహారం చూసే బోర్డులు వరసగా కనిపిస్తాయి. ప్రభుత్వ రంగ బ్యాంకు, ప్రైవేటు బ్యాంకు, సహకార బ్యాంకు, బంగారం మీద అప్పిచ్చే ఫైనాన్స్ కంపెనీ, చిట్‌ఫండ్, బీమా ఆఫీసు. అన్నింటికీ గాజు తలుపులే, ఏసీ గదులే, కౌంటర్ వెనక మర్యాదగా పలకరించే కుర్రాళ్లే. లోపలికి అడుగుపెట్టిన మనిషికి తేడా వడ్డీ రేటులోనే తెలుస్తుంది. ఒకచోట కాస్త తక్కువ, పక్కన అర శాతం ఎక్కువ, సందు చివర ఎవరో చెప్పిన చోట దానికి రెట్టింపు.

అసలు తేడా బోర్డు మీద రాయరు. ఒక్కో సంస్థ ఒక్కో చట్టం కింద నడుస్తుంది. లెక్కలు తెరిపించే అధికారం ఒక్కోచోట ఒక్కొక్కరిది. మునిగితే ఆదుకునే ఏర్పాటు కొన్నింటికి ఉంది, కొన్నింటికి లేదు. పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు చేతికి వచ్చి ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేయబోయే మనిషి, వడ్డీ ఎంత అని అడిగే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ సంస్థ పుస్తకాలు ఎవరు చూస్తారు, వాళ్లకు ఎంతవరకు కనిపిస్తుంది?

బ్యాంకుల మీద అదుపు అనగానే రెండు వేర్వేరు పనుల్ని ఒకటిగా కలిపేస్తుంటాం. ఒకటి నియంత్రణ, రెండోది పర్యవేక్షణ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లకూడదు. అది నియమం. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి ఎన్ని బోట్లు కట్టేసి ఉన్నాయో, ఏది రాత్రికి రాత్రి జారుకుందో చూడటం వేరే పని. ఆ పని చేసే మనిషి లేకపోతే నియమం కాగితం మీదే ఉండిపోతుంది. బ్యాంకుల విషయంలో మన దేశంలో నియమాలకు పెద్దగా కొరత లేదు. డిపాజిటర్లు రోడ్డున పడ్డ సందర్భాలు చాలావరకు రెండో పనిలో జరిగిన లోపం వల్ల వచ్చినవే.

వాణిజ్య బ్యాంకులకు ఈ రెండు పనులూ రిజర్వ్ బ్యాంకే చేస్తుంది. 1935 ఏప్రిల్ 1న మొదలైన ఆర్‌బీఐకి బ్యాంకుల మీద గట్టి పట్టు చిక్కింది 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంతో. లైసెన్సు ఇవ్వడం, రద్దు చేయడం, పుస్తకాలు తనిఖీ చేయడం, జరిమానా వేయడం, పరిస్థితి చేయిదాటితే మారటోరియం (చెల్లింపుల మీద తాత్కాలిక నిలుపుదల) పెట్టించి మరో బ్యాంకులో కలిపించడం, అన్నింటికీ ఆ చట్టమే ఆధారం. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. విశాఖలో వేలాది ఖాతాదారులకు బోర్డు మారింది, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారింది, చెక్‌బుక్ మారింది. పైనుంచి చూసే కన్ను మాత్రం అదే.

ప్రభుత్వ రంగ బ్యాంకుల దగ్గర ఒక మెలిక ఉంది. ప్రైవేటు బ్యాంకు డైరెక్టరు పనికిరాడనుకుంటే ఆర్‌బీఐ తప్పించగలదు. ప్రభుత్వ బ్యాంకులకు యజమాని కేంద్ర ప్రభుత్వం కాబట్టి అక్కడ ఆ అధికారం అదే తీరులో చెల్లదు. 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణం బయటపడ్డాక అప్పటి గవర్నర్ ఉర్జిత్ పటేల్ ఈ సంగతిని బహిరంగంగానే ఎత్తి చూపారు. ప్రభుత్వ బ్యాంకు అంటే సర్కారు అండ ఉందన్న ధైర్యం జనానికి ఉంటుంది, అందులో నిజమూ ఉంది. కానీ యజమానే పెద్ద మనిషి అయినప్పుడు తనిఖీకి వచ్చినవాడి గొంతు కాస్త తగ్గుతుంది. రెండూ ఒకే చోట ఉన్న వాస్తవాలు.

నియమాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది మూలధనం. బ్యాంకు అప్పుగా ఇచ్చే డబ్బులో పెద్ద భాగం డిపాజిటర్లదే. బాకీ రాకపోతే ముందు వాటాదారుల డబ్బు కరగాలి, ఆ తర్వాతే నష్టం డిపాజిటరు గడప తొక్కాలి. అందుకని ప్రతి అప్పుకూ దాని రిస్కును బట్టి బ్యాంకు సొంత డబ్బు కొంత పక్కన ఉండాలన్నది బాసెల్ అనే అంతర్జాతీయ బ్యాంకింగ్ ప్రమాణాల సారం. మన దగ్గర కనీసం 9 శాతం, దాని మీద రక్షణగా మరో 2.5 శాతం.

లెక్క చేసి చూస్తే తేడా అర్థమవుతుంది. మధురవాడలో ఫ్లాటు కొనడానికి ఒకరికి 10 లక్షల గృహ రుణం ఇచ్చారనుకుందాం. ఫ్లాటు విలువలో అప్పు 80 శాతం దాటలేదు. అలాంటి చిన్న గృహ రుణానికి రిస్కు బరువు 35 శాతం. అంటే 10 లక్షలను మూడున్నర లక్షలుగా లెక్కగట్టి అందులో 9 శాతం, 31,500 రూపాయల సొంత డబ్బు ఉంటే చాలు. అదే 10 లక్షలు పెళ్లి ఖర్చుకో టూరుకో పర్సనల్ లోన్‌గా ఇస్తే? 2023 నవంబరులో ఆర్‌బీఐ ఈ అప్పుల బరువును 100 నుంచి 125 శాతానికి పెంచింది. 12.5 లక్షల మీద 9 శాతం, అంటే 1,12,500 రూపాయలు. తాకట్టు లేని అప్పులు మరీ జోరుగా పెరుగుతున్నాయని అనిపించినప్పుడు ఆర్‌బీఐ ఏ బ్యాంకుకూ ఇవ్వొద్దని చెప్పలేదు. ఇవ్వడం ఖరీదు చేసింది. మంచి నియంత్రణ చాలాసార్లు ఇలాగే చప్పుడు లేకుండా పనిచేస్తుంది.

రెండో ముఖ్యమైన నియమం, అప్పు ఎప్పుడు చెడిందని ఒప్పుకోవాలి అన్నది. పోర్టు నుంచి బొగ్గు తోలే లారీ ఓనరు ఒకాయన వాయిదా 5వ తేదీన కట్టలేదు. ఆ రోజు నుంచే లెక్క మొదలవుతుంది. 30 రోజుల దాకా ఒక హెచ్చరిక మెట్టు, 60 దాకా రెండోది, 90 దాకా మూడోది. 90 రోజులు దాటితే అది ఎన్‌పీఏ, తెలుగులో మొండి బాకీ. అప్పటినుంచి దాని మీద వడ్డీ వచ్చిందని లాభంలో కలుపుకోకూడదు, నష్టానికి కొంత సొమ్ము పక్కన పెట్టాలి. పూర్వం కొన్ని ఫైనాన్స్ కంపెనీలు ఒక వాయిదా కట్టించుకుని ఖాతా మళ్లీ బాగుపడిందని రాసుకునేవి. 2021 నవంబరులో ఆర్‌బీఐ ఆ సందు మూసేసింది. బకాయి మొత్తం, అసలూ వడ్డీ పైసాతో సహా కడితేనే మంచి ఖాతాగా మారుతుంది. లారీ ఓనరుకి ఇది కష్టమే. కానీ ఆ సంస్థను నమ్మి డబ్బు పెట్టినవాడికి నిజం తెలియాలంటే వేరే దారి లేదు.

కష్టకాలానికి వేరే వెసులుబాటు ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసినప్పుడు చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు మూగబోయాయి. జేబులో ఉన్న నోట్లే డబ్బు. అలాంటి విపత్తుల్లో రైతులకు, చిరు వ్యాపారులకు అప్పుల గడువు మార్చి ఇచ్చేలా ఆర్‌బీఐ మార్గదర్శకాలు ముందునుంచే ఉన్నాయి. బ్యాంకు కంప్యూటర్లకు వేరే ఊళ్లో నకలు కేంద్రం ఉండాలన్న నిబంధన ఎందుకో ఆ వారం గడిపిన ఊరికి విడిగా చెప్పక్కర్లేదు.

చూసే కన్ను, చూపించే చెయ్యి

ఇక పర్యవేక్షణ. గాజువాక బ్రాంచికి ఏటా ఆర్‌బీఐ అధికారి వచ్చి వోచర్లు తిరగేస్తాడనుకుంటే పొరపాటు. బ్రాంచి స్థాయిలో రోజువారీ లావాదేవీలను కాంకరెంట్ ఆడిటర్ చూస్తాడు. తర్వాత బ్యాంకు సొంత ఇన్‌స్పెక్షన్. మార్చి నెలాఖరు దాటాక చట్టబద్ధ ఆడిట్‌కి చార్టర్డ్ అకౌంటెంట్లు వస్తారు. ఆర్‌బీఐ బృందం ప్రధానంగా కూర్చునేది హెడ్డాఫీసులో. కిందనుంచి వచ్చిన లెక్కలు, అప్పుల నమూనాలు, బోర్డు మీటింగుల మినిట్స్, కంప్యూటర్ వ్యవస్థ, వీటిని పట్టుకుని బ్యాంకు ఆరోగ్యం తేలుస్తారు.

ఈ పనికి విడిగా ఒక బోర్డు ఏర్పడింది 1994లో, 1992 నాటి సెక్యూరిటీల కుంభకోణం తర్వాత. మూలధనం, ఆస్తుల నాణ్యత, యాజమాన్యం, లాభం, నగదు లభ్యత, లోపలి వ్యవస్థలు అనే ఆరు అంశాలకు మార్కులు వేసే క్యామెల్స్ పద్ధతి ఆ దశాబ్దంలోనే వచ్చింది. 2013 నుంచి పెద్ద బ్యాంకులతో మొదలుపెట్టి, జరిగిపోయినదాన్ని తవ్వడం కన్నా రేపు ఎక్కడ దెబ్బ తగలొచ్చో చూసే రిస్కు ఆధారిత పద్ధతికి మారారు.

ఆర్‌బీఐకి నిజంగా చూపు పెరిగింది మాత్రం 2014లో పెద్ద అప్పుల సమాచార కేంద్రం పెట్టాక. 5 కోట్లు, అంతకు మించి అప్పున్న ప్రతి రుణగ్రహీత వివరాలూ బ్యాంకులన్నీ అక్కడ చేర్చాలి. ఒకే కంపెనీ ఒక బ్యాంకుకు ఆరు నెలలుగా బాకీ పడి, మరో బ్యాంకు పుస్తకాల్లో మంచి పిల్లాడిలా కనిపించే వింత అప్పటిదాకా మామూలే. 2015లో చేసిన ఆస్తుల నాణ్యత సమీక్షలో ఆ ముసుగు తీసేశారు. ఫలితంగా బ్యాంకుల మొండి బాకీలు 2018 మార్చికి 11 శాతం దాటాయి. అవి ఆ మూడేళ్లలో పుట్టినవి కావు, అంతకుముందే ఉండి కనిపించనివి. కనిపించాకే వసూళ్లు, కొట్టివేతలు, కొత్త మూలధనం అన్నీ వరసగా వచ్చి 2025 మార్చికి ఆ సంఖ్య 2.3 శాతం దగ్గరికి దిగింది. ఆ సమీక్ష బ్యాంకులను దెబ్బతీసిందని అప్పట్లో చాలామంది అన్నారు. పుండు విప్పి చూసినవాడిని తప్పుపట్టడం లాంటిది ఆ మాట.

అయితే చూపు ఎంత పెరిగినా, చూసేవాడికి కనిపించేది బ్యాంకు చూపించినదే. ఈ బలహీనత ఎంత లోతైనదో చెప్పే ఉదాహరణ ముంబయి పీఎంసీ బ్యాంకు. అది చిన్నాచితకా సంఘం కాదు, పలు రాష్ట్రాల్లో శాఖలున్న పెద్ద పట్టణ సహకార బ్యాంకు. హెచ్‌డీఐఎల్ అనే రియల్ ఎస్టేట్ గ్రూపుకు 6,500 కోట్లకు పైగా ఇచ్చింది. మొత్తం అప్పుల్లో అది 70 శాతం దాటింది. ఒకరికే అంత ఇవ్వడాన్ని ఏ నియమమూ ఒప్పుకోదు. మరి తనిఖీలో ఎందుకు దొరకలేదు? చెడిపోయిన ఆ గ్రూపు ఖాతాలు 44 అయితే, వాటి స్థానంలో 21,049 దొంగ ఖాతాలు సృష్టించి ఆర్‌బీఐకి చూపారని కేసు నమోదైంది. తనిఖీకి వచ్చినవాళ్లు నమూనాకి తీసేది పెద్ద ఖాతాలను. కొండను గులకరాళ్లుగా చేసి పరిస్తే ఏ రాయి మీదా చూపు ఆగదు. చివరికి సంగతి లోపలివాళ్ల నుంచి బయటపడింది. 2019 సెప్టెంబరులో ఆంక్షలు పెట్టిన రోజు ఒక్కో ఖాతాదారుడు తీసుకోగలిగింది వెయ్యి రూపాయలు. ఆ తర్వాత పరిమితి పెంచారు, 2022 జనవరిలో యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిపారు, పెద్ద డిపాజిటర్లకు సొమ్ము ఏళ్ల తరబడి వాయిదాల్లో అందేలా పథకం రాశారు.

సహకార బ్యాంకుల విషయం తెలుగువాళ్లకు కొత్త కాదు. 2001 ప్రాంతంలో హైదరాబాద్‌లో కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ లాంటి పట్టణ సహకార బ్యాంకులు ఒకదాని వెనక ఒకటి కూలినప్పుడు జంటనగరాల్లో ఎన్ని ఇళ్లలో పెళ్లిళ్లు ఆగాయో అప్పటివాళ్లకు గుర్తే. 2004 జులైలో సికింద్రాబాద్ కేంద్రంగా నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద మారటోరియం పడింది. అది వాణిజ్య బ్యాంకు కాబట్టి మూడు వారాల్లోనే ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసింది, ఎవరి డిపాజిటూ పోలేదు. సహకార బ్యాంకుల డిపాజిటర్లు మాత్రం ఏళ్లకేళ్లు తిరిగారు. తేడా ఎక్కడుంది? వాణిజ్య బ్యాంకుకు ఒకడే యజమాని లాంటి పర్యవేక్షకుడు. సహకార బ్యాంకుకు ఇద్దరు: బ్యాంకింగ్ పనులకు 1966 నుంచి ఆర్‌బీఐ, ఎన్నికలు, పాలకవర్గం, రిజిస్ట్రేషన్‌కు సహకార శాఖ రిజిస్ట్రార్. ఇద్దరి మధ్య సందులోంచే దొంగ జారుకునేవాడు. 2020లో చట్టాన్ని సవరించి యాజమాన్యం, ఆడిట్, విలీనం విషయాల్లో ఆర్‌బీఐకి అధికారాలు పెంచారు. 2025 ఏప్రిల్ నుంచి పెద్ద పట్టణ సహకార బ్యాంకులకు, దిగజారుతున్నప్పుడే పగ్గాలు వేసే సత్వర దిద్దుబాటు పద్ధతి కూడా వర్తిస్తోంది. విశాఖలో వందేళ్లు దాటిన సహకార బ్యాంకింగ్ సంప్రదాయం ఉంది, మధ్యతరగతికి ఇల్లూ బడ్డీ నిలబెట్టిన సంప్రదాయం అది. దానికి ఈ మార్పు మేలే చేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఉద్యోగుల పొదుపు సంఘం, కాలనీ పరపతి సంఘం, ఊళ్లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం ఇవేవీ చట్టం దృష్టిలో బ్యాంకులు కావు. వాటికి ఆర్‌బీఐ లైసెన్సు ఉండదు, వాటిలో డిపాజిట్‌కు బీమా ఉండదు. మేనేజరు ఎంత మంచివాడైనా, బల్ల మీద క్యాష్ కౌంటింగ్ మిషన్ ఉన్నా అంతే.

ఐదు లక్షల గీత

డిపాజిట్ బీమా పుట్టింది ఒక బ్యాంకు పతనం నుంచే. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడ్డాక 1961లో చట్టం చేశారు, 1962 జనవరి 1 నుంచి బీమా మొదలైంది. అప్పట్లో ఒక్కొక్కరికి 1,500 రూపాయలు. 1993లో లక్షకు పెంచి, ఇరవయ్యేడేళ్లు అలాగే వదిలేశారు. పీఎంసీ గొడవ తర్వాత 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. 2020 నుంచి ప్రీమియం వంద రూపాయల డిపాజిట్‌కు ఏడాదికి 12 పైసలుగా సాగింది. అది బ్యాంకు కడుతుంది, ఖాతాదారుడి నుంచి వసూలు చేయకూడదు. బాగా నడిచే బ్యాంకూ, కుంటుతూ నడిచేదీ ఒకే రేటు కట్టే పద్ధతి ఏళ్ల తరబడి సాగింది. 2026 ఏప్రిల్ నుంచి రిస్కును బట్టి ప్రీమియం మార్చే విధానానికి వెళ్తామని ఆర్‌బీఐ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇది చాలా ముందే జరగాల్సింది.

ఈ 5 లక్షలు ఎలా లెక్కగడతారో చాలామందికి తెలియదు. రిటైరైన ఉక్కు ఉద్యోగి ఒకాయన ఒకే బ్యాంకు గాజువాక బ్రాంచిలో 5 లక్షలు, ఎంవీపీ కాలనీ బ్రాంచిలో 5 లక్షలు ఎఫ్‌డీ వేసి రెండూ భద్రమే అనుకుంటాడు. కావు. ఒక మనిషికి ఒక బ్యాంకులో అన్ని బ్రాంచీలూ కలిపి, సేవింగ్స్, కరెంటు, ఎఫ్‌డీ, ఆర్‌డీ అన్నీ కలిపి, అసలూ వడ్డీ కలిపి 5 లక్షలే. 4,95,000 అసలుకి 4,000 వడ్డీ చేరితే మొత్తం 4,99,000 వస్తుంది. అసలే 5 లక్షలుంటే దాని మీద వడ్డీకి బీమా లేదు. వేరే బ్యాంకులో వేస్తే అక్కడ మళ్లీ 5 లక్షలు. భార్యాభర్తల ఉమ్మడి ఖాతాను విడిగా లెక్కిస్తారు. 2021 సవరణ తర్వాత ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో బీమా సొమ్ము చేతికి రావాలి. అంతకుముందు బ్యాంకు లిక్విడేషన్, అంటే మూసేసి ఆస్తులు అమ్మే దశ, దాకా ఆగాల్సి వచ్చేది.

2024 నవంబరులో విజయవాడ దుర్గా కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు లైసెన్సు రద్దయినప్పుడు 95 శాతానికి పైగా డిపాజిటర్లకు పూర్తి సొమ్ము వస్తుందని ఆర్‌బీఐ చెప్పింది. ఊరటనిచ్చే మాటే. కానీ ఆ శాతం మనుషులది, డబ్బుది కాదు. మిగిలిన కొద్దిమందిలో జీవితమంతా దాచుకున్నది ఒకేచోట పెట్టిన పెద్దవాళ్లు ఉండే అవకాశం ఎక్కువ. ఐదు లక్షలు ఈ రోజు విశాఖలో ఒక కుటుంబానికి పెద్ద జబ్బు చేస్తే ఎన్నాళ్లు వస్తాయో అందరికీ తెలుసు. ఈ పరిమితిని ధరలతో పాటు కొన్నేళ్లకోసారి పెంచే ఏర్పాటు చట్టంలోనే ఉండాలి. ఒక బ్యాంకు కూలేదాకా ఆగడం న్యాయం కాదు.

తాకట్టు కౌంటర్ దగ్గర

ఫైనాన్స్ కంపెనీలకూ ఆర్‌బీఐ రిజిస్ట్రేషన్ ఉంటుంది, వాటి నియంత్రణ పరిమాణాన్ని బట్టి నాలుగు అంచెల్లో ఉంటుంది, కానీ అక్కడ పెట్టిన డిపాజిట్‌కు బీమా లేదు. జనం వాటి గుమ్మం ఎక్కేది మాత్రం ఎక్కువగా అప్పు కోసమే, అందులోనూ బంగారం మీద.

పూర్ణామార్కెట్ దగ్గర ఒక కౌంటర్‌ని ఊహించండి. పిల్లాడి కాలేజీ ఫీజు కోసం ఒక తల్లి గాజులు తీసి ఇస్తుంది. నగకు విలువ కట్టే అప్రైజర్ ఆ గాజుతో గీటురాయి మీద ఒక్క గీత గీస్తాడు, దాని మీద యాసిడ్ చుక్క వేసి గీత నిలిచిందా చెదిరిందా చూస్తాడు. తర్వాత తూకం. రాళ్లు, లక్క, పూసల బరువు తీసేసి నికర బరువు రాస్తాడు. అంతా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో రాసిన బరువు మీదే అప్పు, వడ్డీ, రేపు వేలం అయితే మిగిలే డబ్బు అన్నీ ఆధారపడతాయి. కాస్త తక్కువ రాస్తే నష్టం ఆమెకు. ఎక్కువ రాస్తే నష్టం సంస్థకు, దానికి అప్పిచ్చిన బ్యాంకుకు, వెనక ఉన్న డిపాజిటరుకు. ముంబయిలో ఆర్‌బీఐ రాసిన నియమం ఇంతదూరం వచ్చి ఆ తక్కెడ ముల్లు దగ్గర నిలబడాలి.

2024 మార్చిలో ఆర్‌బీఐ ఐఐఎఫ్‌ఎల్ ఫైనాన్స్‌ను కొత్త బంగారు రుణాలు ఇవ్వకుండా ఆపింది. అప్పిచ్చేటప్పుడూ వేలం వేసేటప్పుడూ బంగారం స్వచ్ఛత, బరువు లెక్కల్లో తీవ్రమైన తేడాలు తనిఖీలో బయటపడ్డాయని కారణం చెప్పింది. దిద్దుబాట్లు జరిగాక సెప్టెంబరులో ఆంక్ష ఎత్తేసింది. చిన్నపాటి జరిమానాకు చలించని కంపెనీలు కూడా వ్యాపారం ఆగిపోతుందంటే కదులుతాయి. ఆర్‌బీఐ ఈ ఆయుధాన్ని ఈమధ్య ఎక్కువగా వాడుతోంది, అది సరైన దారే.

2025 జూన్‌లో ఇచ్చిన కొత్త ఆదేశాలు తాకట్టు పెట్టేవాళ్ల పక్షాన కొన్ని గట్టి మాటలు చెప్పాయి. 2.5 లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా, 5 లక్షల లోపు 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వొచ్చు. పరీక్ష అప్పు తీసుకునే మనిషి ఎదుటే జరగాలి. బాకీ తీర్చాక ఏడు పనిదినాల్లోపు నగ తిరిగి ఇవ్వాలి, సంస్థ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. అమలుకు గడువు 2026 ఏప్రిల్ 1గా పెట్టారు. కాగితం మీద ఇంతకన్నా బాగా రాయలేరు. అమలు మాత్రం ఆ తల్లికి ఈ సంగతి తెలుసా లేదా అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. కౌంటర్ దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో అంటించిన కాగితం పది సర్క్యులర్ల పెట్టు.

అప్పుల విషయంలో దేశానికి పాఠం మన రాష్ట్రం నుంచే వెళ్లింది. సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. దాని తర్వాతే ఆర్‌బీఐ వేసిన మాలేగాం కమిటీ, ఆ సంస్థలకు ఆర్‌బీఐ ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఇప్పుడదే టెన్షన్ లోన్ యాప్‌ల రూపంలో ఫోన్‌లోకి వచ్చింది. 2022 సెప్టెంబరు నుంచి ఉన్న నిబంధనల ప్రకారం అప్పు సొమ్ము నేరుగా మన బ్యాంకు ఖాతాలో పడాలి, మొత్తం ఖర్చు ఎంతో ముందే చెప్పాలి, ఫోన్‌లోని కాంటాక్టుల జోలికి యాప్ వెళ్లకూడదు. కాంటాక్టులు, ఫొటోలు అడిగిన యాప్ ఆ ఒక్క కారణంతోనే అనుమానించదగ్గది.

ఎవరి చూపూ పడని చోటు

ఆర్‌బీఐ గొడుగుకు బయట కూడా చాలా డబ్బు పోయింది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ స్థలాలు, పొలాల పేరుతో లక్షల మంది దగ్గర డబ్బు సేకరించింది. శ్రీకాకుళం నుంచి విశాఖ ఏజెన్సీ దాకా ఏజెంట్లు తెలిసినవాళ్లే, చుట్టాలే. రశీదు ఉంది, నమ్మకం ఉంది, బీమా లేదు, బ్యాంకు లైసెన్సు లేదు. చివరికి కోర్టులు, సీఐడీ, ఆస్తుల జప్తు. 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు డిపాజిటర్లకు రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి చెల్లించాల్సి వచ్చింది. కంపెనీ లెక్క కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర, ఉమ్మడి పెట్టుబడి పథకమైతే స్టాక్ మార్కెట్లను చూసే సెబీ దగ్గర, మోసమైతే పోలీసుల దగ్గర. అందరి పనీ అయినది ఎవరి పనీ కాలేదు. 2019లో వచ్చిన అక్రమ డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ఈ ఖాళీని పూడ్చడానికే. ఆర్‌బీఐ నడిపే సచేత్ పోర్టల్‌లో ఒక సంస్థకు డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందో లేదో చూడొచ్చు, ఫిర్యాదూ చేయొచ్చు.

చీటీల సంగతి వేరు. అవి 1982 చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వ చిట్స్ రిజిస్ట్రార్ చూపులో ఉంటాయి, ఆర్‌బీఐ చూపులో కాదు. రిజిస్టరైన చీటీకి ఫోర్‌మన్, అంటే చీటీ నడిపేవాడు, ముందు సెక్యూరిటీ కట్టాలి, కమిషన్‌కు 7 శాతం పరిమితి ఉంది. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీకి ఇవేవీ ఉండవు.

బ్యాంకుతో గొడవ వస్తే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. 2021 నవంబరు నుంచి దేశమంతటికీ ఒకే పోర్టల్, 14448 నంబరు. ఖాతాలోంచి డబ్బు మోసంతో పోతే, అది మన తప్పూ బ్యాంకు తప్పూ కాక మధ్యలో ఎక్కడో జరిగినప్పుడు, మూడు పనిదినాల్లోపు చెప్పినవాడి మీద భారం పడకూడదన్నది 2017 నుంచి ఉన్న నియమం. మూడు రోజులంటే ఎక్కువ కాదు. బ్రాంచి మేనేజరుతో మాట్లాడి చూద్దాం అనుకునేలోపే గడిచిపోతాయి.

ఇన్ని కాపలాలున్నా డిపాజిటరు చేతికి రానిది ఒకటుంది, తనిఖీ నివేదిక. తన బ్యాంకుకు ఆర్‌బీఐ ఎన్ని మార్కులు వేసిందో అతనికి తెలియదు. బయటపెడితే జనం పరుగెత్తుకొచ్చి డబ్బు తీసేస్తారని, ఉన్న బ్యాంకు కూడా కూలుతుందని వాదన. అందులో బలం లేకపోలేదు. కానీ 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు, సమాచార హక్కు చట్టం కింద ఈ నివేదికలు ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. ఆర్‌బీఐ బ్యాంకుల ప్రయోజనం కోసం కాదు, ప్రజల కోసం పనిచేయాలన్నది ఆ తీర్పులోని ఆలోచన. బ్యాంకులు ఆ తర్వాత కూడా కోర్టుల్లో దాన్ని అడ్డుకుంటూనే వచ్చాయి. మధ్యేమార్గం కష్టమేమీ కాదు. నివేదిక వచ్చిన రెండేళ్ల తర్వాత, ఖాతాదారుల పేర్లు తీసేసి, ముఖ్యమైన లోపాలు, వాటిని ఎంతవరకు సరిదిద్దారో ప్రతి బ్యాంకూ తన వెబ్‌సైట్‌లో తెలుగులోనూ పెట్టొచ్చు. పీఎంసీ బ్యాంకు తలుపు దగ్గర వెయ్యి రూపాయల కోసం వరసలో నిలబడ్డవాళ్లలో ఒక్కరికీ, తమ బ్యాంకు అప్పుల్లో 70 శాతం ఒకే ఇంటికి వెళ్లిందని ఆ ఉదయందాకా తెలియదు.